సైట్ పెట్టి రెండు నెలలైంది, ఎవరూ రావడం లేదు: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: సోఫాలు, కుర్చీలు రిపేరు చేసే చిన్న వ్యాపారం. వెబ్‌సైట్ పెట్టి రెండు నెలలైంది. రోజుకు ఐదారుగురు వస్తున్నట్టు లెక్కల్లో కనిపిస్తోంది గానీ వాళ్లలో సగం మీరూ, మీ ఇంట్లోవాళ్లే. సైట్ చూసి ఒక్కరు కూడా ఫోన్ చేయలేదు. ఈలోగా ఒక ఏజెన్సీవాళ్లు, వెయ్యి బ్యాక్‌లింక్‌లు (అంటే వేరే సైట్ల నుంచి మీ సైట్‌కి లింకులు) ఇస్తాం, నెల తిరిగేలోగా గూగుల్ మొదటి పేజీలో కూర్చోబెడతాం అంటున్నారు. వాళ్లకు డబ్బు కట్టాలా, ఆ డబ్బుతో యాడ్స్ వేసుకోవాలా, లేక బ్లాగు రాయడం మొదలుపెట్టాలా?

ఏజెన్సీకి కట్టకండి. ఎందుకో కింద వివరంగా రాశాను. యాడ్స్ పనికొస్తాయి గానీ ఇప్పుడే కాదు. బ్లాగు పేరుతో వారానికో వ్యాసం రాయాలనే టెన్షన్ అస్సలు పెట్టుకోవద్దు. మీరు రాయాల్సిన పేజీలు వేరే ఉన్నాయి, అవి పదికి మించవు.

చిన్న వ్యాపారాల సైట్లు చాలా చూశాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది. "జనాన్ని సైట్‌కి ఎలా రప్పించాలి" అని మొదలుపెడితే తట్టే ఉపాయాలన్నీ డబ్బు తినేవే. "సోఫా కుంగిపోయిన మనిషి ఈ రోజు ఎక్కడ వెతుకుతున్నాడు, ఎవరిని అడుగుతున్నాడు" అని మొదలుపెడితే చేయాల్సిన పని దానంతటదే బయటపడుతుంది. ఇంటర్నెట్‌లో దారిన పోతూ బోర్డు చూసి లోపలికొచ్చేవాళ్లు ఉండరు. ప్రతి మనిషీ ఏదో వెతికో, ఎవరో పంపిన లింకు నొక్కో, మ్యాప్‌లో మీ పేరు చూసో వస్తాడు. ముందు ఆ చోట్లలో మీరు కనబడాలి. సైట్ ఎంత అందంగా ఉందన్నది ఆ తర్వాతి సంగతి.

అన్నిటికన్నా ముందు, మీ సైట్ ఉందని గూగుల్‌కి తెలుసా? నవ్వకండి, రెండు నెలలుగా ఎవరూ రావడం లేదంటే నేను మొట్టమొదట అనుమానించేది దీన్నే. గూగుల్ సెర్చ్ పెట్టెలో ఇంగ్లీషులో సైట్ అనే మాట, వెంటనే కోలన్, మధ్యలో ఖాళీ లేకుండా మీ డొమైన్ పేరు కొట్టి చూడండి. మీ పేజీలు వరసగా కనిపిస్తే సరే. ఏమీ రాకపోతే, సైట్ తయారుచేసినవాళ్లు పని జరుగుతున్నప్పుడు వేసిన అడ్డుకట్ట తీయడం మరిచిపోయి ఉండొచ్చు. వర్డ్‌ప్రెస్‌లో అయితే సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే విభాగం కింద, సెర్చ్ ఇంజిన్లు ఈ సైట్‌ని ఇండెక్స్ చేయొద్దని, అంటే తమ జాబితాలో చేర్చుకోవద్దని కోరే టిక్ బాక్స్ ఒకటి ఉంటుంది. అక్కడ టిక్ ఉంటే తీసేయండి. వేరే పద్ధతిలో కట్టిన సైట్ అయితే పేజీల్లో నోఇండెక్స్ ట్యాగ్ ఉందేమో, రోబోట్స్ ఫైల్‌లో సైట్ మొత్తాన్ని ఆపే లైను ఉందేమో చూడమని వాళ్లనే అడగండి. ఐదు నిమిషాల పని.

తర్వాత గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో సైట్‌ని చేర్చండి. మీ సైట్ గూగుల్‌లో ఎలా కనబడుతోందో చూపించే సాధనం ఇది, ఉచితం. డొమైన్ మీదేనని నిరూపించడానికి డొమైన్ సెట్టింగుల్లో వాళ్లిచ్చే టెక్స్ట్ రికార్డు ఒకటి పెట్టాలి. అది అయ్యాక సైట్‌మ్యాప్, అంటే మీ పేజీలన్నిటి జాబితా ఉన్న ఫైలు, దాని చిరునామా ఇవ్వండి. ముఖ్యమైన పేజీలను ఒక్కొక్కటిగా తనిఖీ పెట్టెలో వేసి, ఇండెక్స్ చేయమని కోరండి. కోరినంత మాత్రాన చేస్తారన్న హామీ లేదు, కానీ ఏ పేజీ ఎందుకు ఆగిపోయిందో అక్కడ తెలుస్తుంది. బింగ్‌కీ ఇలాంటి సాధనం ఉంది. సెర్చ్ కన్సోల్ నుంచి వివరాలు నేరుగా తెచ్చుకునే వీలు కూడా ఇస్తుంది కాబట్టి దానికి పెద్ద శ్రమ ఉండదు. చాలామంది బింగ్‌ని పట్టించుకోరు. మీరు పట్టించుకోండి, పోయేదేమీ లేదు.

పనిలో పనిగా మీ పేజీల టైటిల్స్ చూడండి. బ్రౌజర్ ట్యాబ్ మీద కనిపించే ఆ పేరే సెర్చ్ ఫలితాల్లో చాలాసార్లు నీలి అక్షరాల లింకుగా వస్తుంది. చిన్న సైట్లలో ప్రతి పేజీకీ 'హోమ్' అనో, కంపెనీ పేరు ఒక్కటే అనో ఉంటుంది. మీ కంపెనీ పేరు తెలియనివాడు దాన్ని వెతకడు గదా. "సోఫా స్పాంజ్ మార్పిడి, ఇంటికొచ్చి చేస్తాం" లాంటి టైటిల్, చివర మీ ఊరి పేరు, ఆ తర్వాత కంపెనీ పేరు ఉంటే చాలు. రెండో సంగతి, మీరు చేసే పనుల జాబితాని డిజైనర్ అందంగా బొమ్మలో వేసి ఇచ్చి ఉంటే, అవే మాటలను పేజీలో మామూలు అక్షరాల్లో కూడా రాయించండి. బొమ్మలో ఉన్న అక్షరాల మీద సెర్చ్ ఇంజిన్ ఆధారపడుతుందని అనుకోవద్దు. పేజీ కోడ్‌లో కనబడకుండా ఉండే కీవర్డ్స్ ట్యాగ్ అని ఒకటుంది, దాన్ని నింపడానికి ఎవరైనా డబ్బు అడిగితే, వెబ్ ర్యాంకింగ్‌లో దాన్ని వాడటం లేదని గూగుల్ 2009లోనే చెప్పిందని గుర్తుచేయండి.

ఇక అసలైనదానికి వద్దాం. మీలాంటి వ్యాపారానికి మొదటి కస్టమర్లు సైట్ కన్నా మ్యాప్ నుంచే వచ్చే అవకాశం ఎక్కువ. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్, అంటే 2021 దాకా గూగుల్ మై బిజినెస్ అన్న పేరుతో ఉన్నది, దాన్ని ఇంకా తెరవకపోతే ఈ జవాబు చదవడం ఆపి వెళ్లి తెరవండి. వ్యాపారం నిజమేనని వాళ్లు సరిచూస్తారు. వీడియో తీసి పంపమంటారో, ఫోన్ చేస్తారో, ఈమెయిల్ పంపుతారో వాళ్లే నిర్ణయిస్తారు. మీరు కస్టమర్ల ఇళ్లకే వెళ్లి పని చేస్తూ, మీ దగ్గరికి ఎవరూ రాకపోతే చిరునామా కనబడకుండా ఉంచి, పని చేసే ప్రాంతాలను మాత్రం చూపించొచ్చు.

స్థానిక ఫలితాల్లో ఎవరు పైకి వస్తారన్నదానికి గూగుల్ మూడు ఆధారాలు చెబుతుంది: వెతికినదానికి మీ పని ఎంత సరిపోతుంది, వెతికే మనిషికి మీరెంత దూరం, మీ వ్యాపారానికి ఎంత పేరుంది. దూరం మీ చేతిలో లేదు. మిగతా రెండూ చాలావరకు మీ చేతిలోనే ఉన్నాయి. కేటగిరీ ఎంచుకునేటప్పుడు 'ఫర్నిచర్' అని వదిలేయకండి. అలా చేస్తే కొత్త సోఫాలు అమ్మే షోరూములతో కలిపేస్తుంది. రిపేరు, అప్హోల్‌స్టరీ (సోఫాలకు గుడ్డ, స్పాంజ్ వేసే పని) అనేవి విడిగా ఉంటాయి, వాటిలో మీ పనికి అతి దగ్గరగా ఉన్నదాన్ని ప్రధాన కేటగిరీగా పెట్టండి. ఫోటోలు మీరు చేసిన పనివే పెట్టండి. కుంగిన సోఫా, అదే సోఫా పని అయ్యాక, అదే కోణంలో, అదే గదిలో. ఇంటర్నెట్‌లో దొరికే మెరిసే బొమ్మలు వద్దు, చూసేవాడు ఇట్టే పట్టేస్తాడు. వ్యాపారం పేరులో 'బెస్ట్', 'చవక', 'నంబర్ వన్' అంటూ మాటలు కలపొద్దు. అది నియమాలకు విరుద్ధం, ప్రొఫైల్‌ని ఆపేసే ప్రమాదం కూడా ఉంది.

రివ్యూల విషయంలో చాలామంది మొహమాటపడతారు. అడగడంలో తప్పేమీ లేదు. పని పూర్తయి, కస్టమర్ సోఫాలో కూర్చుని చూసి బాగుందన్న నిమిషంలోనే రివ్యూ లింకు ఫోన్‌కి పంపండి. వారం తర్వాత అడిగితే రాయాలన్న ఊపు పోతుంది. "ఐదు స్టార్లు ఇవ్వండి" అనకుండా, "ఏం పని చేయించారో ఒక ముక్క రాయండి" అనండి. ఎందుకంటే "గుడ్ సర్వీస్" అనే రివ్యూ చదివి ఎవరూ ఫోన్ చేయరు. "డైనింగ్ కుర్చీలు ఆరింటికి గుడ్డ మార్చారు, చెప్పిన రోజుకే ఇచ్చారు" అని ఉంటే అలాంటి కుర్చీలే ఉన్న మనిషి ఆగుతాడు. రివ్యూకి బదులుగా డిస్కౌంట్ ఇవ్వడం, సంతోషంగా ఉన్నవాళ్లను మాత్రమే ఏరి అడగడం, రెండూ గూగుల్ ఒప్పుకోనివే. చెడ్డ రివ్యూ వస్తే కంగారుపడి వాదనకు దిగకండి. ఏం జరిగింది, ఏం సరిచేశారు అన్నది నాలుగు వాక్యాల్లో మర్యాదగా రాయండి. ఆ జవాబు రివ్యూ రాసినాయన కోసం కాదు, రేపు చదవబోయే వందమంది కోసం.

ఇంతకీ మీ పాత కస్టమర్లకు మీకు సైట్ ఉందని తెలుసా? ఫోన్‌లో ఉన్న నంబర్లు తీయండి. మీతో పని చేయించుకున్నవాళ్లకు ఒక్కొక్కరికీ వాట్సాప్‌లో చిన్న మెసేజ్ పంపండి: సైట్ పెట్టాం, మీ సోఫా ఫోటో అందులో వాడుకోవచ్చా, లింకు ఇదిగో. అందరినీ గ్రూపులో పడేసి ఫార్వర్డ్ చేస్తే మాత్రం బ్లాక్ చేస్తారు, అది సహజం. ఈ పని వల్ల వచ్చే విజిట్లు కొన్నే. కానీ వాళ్ల బంధువో, పక్కింటివాళ్లో "సోఫా ఎవరిచేత చేయించారు" అని అడిగినప్పుడు పంపడానికి వాళ్ల దగ్గర ఒక లింకు ఉంటుంది. చిన్న వ్యాపారం సైట్‌కి ఇదే అన్నిటికన్నా బలమైన దారి అని నా నమ్మకం, అయినా దీని గురించి ఎవరూ మాట్లాడరు. బహుశా దీంట్లో అమ్ముకోవడానికి ఏమీ లేదు కాబట్టేమో.

ఆ లింకు వాట్సాప్‌లో వేసినప్పుడు ఎలా కనిపిస్తోందో మీరే మీకు పంపుకుని చూడండి. బొమ్మ, పేరు, ఒక వాక్యం రావాలి. ఉత్త చిరునామా మాత్రమే వస్తే, ఓపెన్ గ్రాఫ్ ట్యాగులు పెట్టమని సైట్ చేసినవాళ్లకు చెప్పండి, ఆ మాట అంటే వాళ్లకు అర్థమవుతుంది. అలాగే బిల్లు మీద, విజిటింగ్ కార్డు మీద, బండి మీద, ఈమెయిల్ చివర సైట్ చిరునామా ఉండాలి. క్యూఆర్ కోడ్ ముద్రిస్తే అది హోమ్ పేజీకి కాకుండా, చేసిన పనుల ఫోటోలున్న పేజీకి వెళ్లేలా పెట్టండి.

ఇప్పుడు రాత సంగతి. బ్లాగు వద్దని ఎందుకన్నానంటే, "ఇంటి అలంకరణలో పది చిట్కాలు" లాంటి వ్యాసం రాస్తే మీరు పెద్ద పెద్ద పత్రికల సైట్లతో పోటీ పడాలి. ఒకవేళ గెలిచినా, చదివేవాడికి సోఫా రిపేరు అవసరం ఉండదు. మీకు కావలసింది మీ ఫోన్‌లో ఇప్పటికే ఉంది. కస్టమర్లు ఫోన్ చేసినప్పుడు మొదట ఏం అడుగుతారో ఓ రెండు వారాలు కాగితం మీద రాసుకోండి, వాళ్ల మాటల్లోనే. మీరు 'ఫోమ్ రీప్లేస్‌మెంట్' అంటారు, వాళ్లు "కూర్చుంటే లోపలికి దిగిపోతోందండీ" అంటారు. మీరు 'రీఅప్హోల్‌స్టరీ' అంటారు, వాళ్లు "రెగ్జిన్ పొట్టు పొట్టుగా రాలిపోతోంది, ఏం చేయాలి" అంటారు. వెతికేటప్పుడు కొట్టేది వాళ్ల మాటలే. రోజూ వచ్చే సెర్చ్‌లలో 15 శాతం దాకా అంతకుముందెన్నడూ చూడనివే ఉంటాయని గూగుల్ చాలాసార్లు చెప్పింది. అంటే జనం తమ బాధని తమ సొంత వాక్యంలో కొడుతున్నారన్నమాట. ఆ వాక్యాలు మీ పేజీల్లో ఉండాలి.

ఒక్కో పనికి ఒక్కో పేజీ ఉండాలి. అన్ని పనులూ కలిపి 'మా సేవలు' అని ఒకే పేజీలో పది చుక్కలుగా పెడితే, వాటిలో ఏ ఒక్కదానికీ అది సరైన జవాబు కాదు. స్పాంజ్ మార్పిడికి ఒకటి, గుడ్డ లేదా రెగ్జిన్ మార్చడానికి ఒకటి, విరిగిన చెక్క ఫ్రేముకి ఒకటి, రిక్లైనర్ మెకానిజానికి ఒకటి, ఆఫీసు కుర్చీలకి ఒకటి. ఇలా ఐదారు వస్తాయి. ఉదాహరణకి స్పాంజ్ పేజీ తీసుకోండి. దాంట్లో ఏముండాలి? కుంగడానికి కారణం ఎప్పుడూ స్పాంజే కాదు, కింద బెల్టులు సాగి ఉండొచ్చు, స్ప్రింగ్ ఊడి ఉండొచ్చు, కుషన్ తీసి కింద చేత్తో నొక్కి చూస్తే తేడా తెలుస్తుంది. ఇది చెప్పండి. స్పాంజ్‌లో డెన్సిటీ అంటే ఏమిటి, గట్టిదనానికీ డెన్సిటీకీ తేడా ఏమిటో చెప్పండి. డెన్సిటీ అంటే ఘనపు మీటరుకు ఎన్ని కిలోలన్న లెక్క, గట్టిదనం వేరే కొలత. చాలామంది ఈ రెంటినీ ఒకటే అనుకుని గట్టిగా ఉన్నదే ఎక్కువ కాలం వస్తుందని పొరబడతారు. సోఫాని ఇంటి నుంచి తీసుకెళ్లాలా, ఎన్నాళ్లు పడుతుంది, పాత గుడ్డనే మళ్లీ వాడొచ్చా, పిల్లులున్న ఇంటికి ఏ గుడ్డ మంచిది, ఇవన్నీ రాయండి. ఇదంతా మీకు నోటికొచ్చిన విషయమే, రాయడానికి ఎక్కడా వెతకనక్కర్లేదు. మీకు తెలిసింది మీ ఫోన్‌లో రికార్డు చేసి ఎవరిచేతనైనా టైపు చేయించినా సరే.

ధర రాయాలా అని అందరూ అడుగుతారు. రాయాలనే నేనంటాను. ఖచ్చితమైన అంకె కుదరకపోతే ఇంతనుంచి ఇంతదాకా అని, ఎందువల్ల పెరుగుతుందో, తగ్గుతుందో రాయండి. పోటీదారులు చూస్తారనే భయంతో చాలామంది దాస్తారు. పోటీదారులకు మీ ధర ఎలాగూ తెలుసు, ఫోన్ చేసి అడుగుతారు. తెలియనిది కస్టమర్‌కే. ఇంకో పేజీ నాకు చాలా ఇష్టమైనది: "బాగుచేయించాలా, కొత్తది కొనాలా?" దాంట్లో నిజాయితీగా, ఏ సోఫాకి రిపేరు దండగో కూడా చెప్పండి. ఫ్రేము చిప్ బోర్డుదై, నీళ్లు పీల్చి ఉబ్బిపోతే పైన ఎంత ఖర్చు పెట్టినా నిలవదు. పని వద్దని చెప్పగలిగిన మనిషిని నమ్మడం తేలిక.

ఇదే పని ఏఐ చేత గంటలో రెండు వందల పేజీలు రాయించి పెట్టొచ్చు కదా అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు, కాచుకుని ఉండండి. ఊరి పేరు మాత్రం మార్చి ఒకే పేజీని యాభై సార్లు పెట్టడం అంతకుముందు నుంచే ఉన్న పాత ఎత్తు. 2024 మార్చిలో గూగుల్ తన స్పామ్ నియమాలను మార్చి, ర్యాంకుల కోసం గుట్టలుగా తయారుచేసే పనికిరాని పేజీలన్నీ, మనిషి రాసినా యంత్రం రాసినా, నిషిద్ధమని స్పష్టంగా చెప్పింది. మీ చేతి పని ఫోటోలు, మీ కస్టమర్ల ప్రశ్నలు ఉన్న ఆరు పేజీలు ఆ రెండు వందలకన్నా నయం. రాసినదాన్ని భాష సరిచేయించుకోవడానికి ఏఐని వాడితే తప్పేమీ లేదు.

బ్యాక్‌లింక్‌ల గురించి చెప్తానన్నాను. వేరే సైట్లు మీకు లింకు ఇస్తే అది మీ మీద నమ్మకంగా లెక్కలోకి వస్తుంది, నిజమే. అందుకే వాటిని అమ్మే వ్యాపారం పుట్టింది. వెయ్యి లింకులు నెలలో ఎక్కడినుంచి వస్తాయి? ఎవరూ చదవని సైట్ల నుంచి, అమ్మడం కోసమే కట్టిన సైట్ల నుంచి, వ్యాఖ్యల్లో అతికించిన చెత్త నుంచి. 2012 ఏప్రిల్‌లో పెంగ్విన్ అనే మార్పుతో గూగుల్ ఇలాంటి లింకులు పెట్టుకున్న సైట్లను కిందికి నెట్టింది. ఆ తర్వాత పద్ధతి మారి, ఇప్పుడు చాలావరకు వాటిని లెక్కలోకే తీసుకోదు. అంటే మంచి జరిగితే మీ డబ్బు వృథా, చెడు జరిగితే సైట్ మీద చర్య. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ తన సహాయ పేజీల్లోనే రాసింది. హామీ ఇస్తున్నారంటే అక్కడే ఫోన్ పెట్టేయొచ్చు. "నెలకు పదివేల విజిటర్లు గ్యారంటీ" అని అమ్మేవాళ్లు ఇంకో రకం. అంకె పెరుగుతుంది, కానీ వచ్చేది మనుషులు కాదు, బాట్‌లు అనే ప్రోగ్రాములు. బాట్‌లకు సోఫాలుండవు.

నిజమైన లింకులు మీకు తెలిసిన మనుషుల దగ్గరే దొరుకుతాయి. మీరు గుడ్డ కొనే హోల్‌సేలర్‌కి సైట్ ఉందా? 'మా డీలర్లు' పేజీలో మీ పేరు పెట్టమనండి. మీతో పనిచేసే ఇంటీరియర్ డిజైనర్, సామాన్లు తరలించేవాళ్లు, వ్యాపారుల సంఘం, స్థానిక వార్తల సైటు... ఇలాంటివి నాలుగైదు వచ్చినా చాలు. అవి గూగుల్ కోసమే కాదు, నేరుగా మనుషుల్ని కూడా తెస్తాయి. సామాన్లు తరలించేవాళ్ల చేతిలో దెబ్బతిన్న సోఫాలు ఎన్ని ఉంటాయో మీకు నేను చెప్పాలా!

మొబైల్‌లో సైట్ ఎలా ఉందో ఒకసారి చూడండి. ల్యాప్‌టాప్‌లో చూసి మురిసిపోవద్దు, గూగుల్ ఇండెక్స్ చేసేది కూడా మొబైల్ రూపాన్నే. ఫోటోలు ఫోన్ నుంచి తీసినవి తీసినట్టు పెడితే ఒక్కొక్కటి కొన్ని ఎంబీలు ఉంటుంది, తగ్గించి పెట్టాలి. పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే ఉచిత సాధనంలో చిరునామా వేస్తే, తెర మీద ప్రధానమైన భాగం ఎన్ని సెకన్లలో కనబడుతోందో చెబుతుంది. 2.5 సెకన్లలోపు ఉంటే మంచిదని వాళ్ల కొలత. నూటికి నూరు మార్కుల కోసం కిందామీదా పడనక్కర్లేదు. అంతకన్నా ముఖ్యం, ఫోన్ నంబరు నొక్కితే నేరుగా కాల్ వెళ్లాలి, వాట్సాప్ బటన్ బొటనవేలికి అందేచోట ఉండాలి. కాంటాక్ట్ ఫారంలో తొమ్మిది గళ్లు పెట్టి "ఎవరూ నింపడం లేదు" అంటే ఎలా?

యాడ్స్ ఎప్పుడు? పైవన్నీ అయ్యాక, కనీసం మూడు నాలుగు పని పేజీలు సిద్ధమయ్యాక. యాడ్ నొక్కినవాణ్ని హోమ్ పేజీకి పంపితే డబ్బు మురిక్కాలవలో పోసినట్టే, వాడు వెతికిన పనికి సంబంధించిన పేజీకే పంపాలి. గూగుల్ యాడ్స్‌లో ముందే పెట్టి ఉంచే సెట్టింగులు మీకన్నా వాళ్లకే ఎక్కువ లాభం, మూడింటిని తప్పకుండా చూసుకోండి. కీవర్డ్ ఊరికే రాస్తే 'బ్రాడ్ మ్యాచ్' కింద పోతుంది, అంటే సోఫా రిపేరుకి దూరపు చుట్టం లాంటి వెతుకులాటలకు కూడా మీ యాడ్ కనబడుతుంది. మొదట్లో, మీ మాటలకు దగ్గరగా ఉన్న వెతుకులాటలకే యాడ్ చూపించే ఫ్రేజ్, ఎగ్జాక్ట్ మ్యాచ్‌లే వాడండి. సెర్చ్ క్యాంపెయిన్‌లో డిస్‌ప్లే నెట్‌వర్క్ (వేరే సైట్లలో, యాప్‌లలో యాడ్ చూపించేది) టిక్ ఉంటే తీసేయండి. ప్రాంతం ఎంచుకున్నా, ఆ ప్రాంతం మీద 'ఆసక్తి' చూపినవాళ్లకు కూడా యాడ్ వెళ్తుంది, దాన్ని ఆ ప్రాంతంలో 'ఉన్నవాళ్లకు మాత్రమే' అని మార్చండి. తర్వాత వారానికి రెండుసార్లు జనం నిజంగా ఏం కొట్టి మీ యాడ్ నొక్కారో ఆ జాబితా చదివి, 'కొత్త సోఫా', 'సెకండ్ హ్యాండ్', 'ఉద్యోగాలు', 'ఎలా కుట్టాలి' లాంటివాటిని నెగెటివ్ కీవర్డ్స్‌లో, అంటే యాడ్ చూపించొద్దని చెప్పే మాటల జాబితాలో వేయండి. యాడ్స్‌కి డబ్బు పెడితే మామూలు ఫలితాల్లో కూడా పైకొస్తామన్నది అపోహ, రెండింటికీ సంబంధం లేదు.

సోషల్ మీడియా గురించి నాకు పెద్ద ఉత్సాహం లేదు, కానీ మీ పని చూడ్డానికి బాగుండే పని కాబట్టి ఒక మినహాయింపు. పాత గుడ్డ చీల్చడం నుంచి కొత్తది బిగించేదాకా ముప్పై సెకన్ల వీడియో జనం నిజంగానే చూస్తారు. ఒక్క చోటు ఎంచుకుని అక్కడే పెట్టండి. ఇన్‌స్టాగ్రామ్ క్యాప్షన్‌లో రాసిన లింకు నొక్కితే తెరుచుకోదని గుర్తుంచుకుని ప్రొఫైల్‌లో పెట్టండి. వ్యూలు చూసి పొంగిపోవద్దు, చూసేవాళ్లలో చాలామంది మీరు పనిచేసే ప్రాంతంలో ఉండకపోవచ్చు.

లెక్కలు చూసేటప్పుడు మొదట మీ సొంత విజిట్లను గూగుల్ ఎనలిటిక్స్ (సైట్‌కి వచ్చేవాళ్లను లెక్కపెట్టే సాధనం) లోంచి తీసేయండి, అంతర్గత ట్రాఫిక్ ఫిల్టర్ అని ఉంటుంది. తర్వాత ఫోన్ బటన్ నొక్కడాన్ని, వాట్సాప్ బటన్ నొక్కడాన్ని 'కీ ఈవెంట్లు'గా, అంటే విడిగా లెక్కపెట్టే ముఖ్యమైన చర్యలుగా పెట్టించుకోండి. మొత్తం విజిటర్ల అంకె ఈ దశలో మీకు పెద్దగా ఏమీ చెప్పదు. రోజుకు పదిహేను మంది వచ్చి ఒకరు ఫోన్ చేస్తే అది మంచి సైటే. అన్నిటికన్నా నమ్మదగిన సాధనం మాత్రం మీ నోరే: ఫోన్ చేసిన ప్రతి ఒక్కరినీ "మా గురించి ఎలా తెలిసిందండీ" అని అడిగి ఒక పుస్తకంలో గీత పెట్టుకోండి.

ఎంతకాలం? మార్పులు చేశాక ఫలితం కనబడటానికి మామూలుగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని గూగులే చెబుతుంది. మ్యాప్ ప్రొఫైల్, పాత కస్టమర్లు అంతకన్నా త్వరగా పలుకుతారు. 2024 నుంచి చాలా ప్రశ్నలకు ఫలితాల పైనే ఏఐ రాసిన జవాబు కనబడుతోంది కాబట్టి, కేవలం సమాచారం కోసం వెతికేవాళ్లలో కొందరు మీ సైట్‌దాకా రారు. దానికి బెంగపడక్కర్లేదు. సోఫా మోసుకెళ్లి బాగుచేసి తెచ్చే పని ఆ జవాబు చేయలేదు గదా.

మూడు నెలలయ్యాక సెర్చ్ కన్సోల్‌లో పెర్ఫార్మెన్స్ రిపోర్టు తెరవండి. ఎక్కువసార్లు కనబడి, క్లిక్‌లు రాని ప్రశ్నలను, వాటిలోనూ సగటు స్థానం ఎనిమిది నుంచి ఇరవై మధ్య ఉన్నవాటిని వేరుచేయండి. అవి మీరు కొంచెం కష్టపడితే అందే కాయలు. ఒక్కో ప్రశ్నకి ఏ పేజీ వస్తోందో చూడండి. ఆ పేజీలో ఆ ప్రశ్నకి సూటైన జవాబు లేకపోతే రాయండి, ఉంటే టైటిల్ మార్చి చూడండి. ఆ జాబితా తెచ్చి ఇక్కడ పెడితే, ఏ పేజీ మీద ముందు పని చేయాలో నేనూ చూసి చెప్తాను.